మందుల షాపు దగ్గర శనిగ్రహం

ఆ రోజు ఉదయం కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. విశ్వం ఎంత పెద్దదో సాయంత్రంలోగా వీధి జనానికి తెలిసేలా చెయ్యాలి. ఆ తరువాత తన గది తనకు దక్కించుకోవాలి.

గది డాబా మీద ఉంది. ఇల్లు అత్తగారిది. కింద అతని షాపు, మధ్యలో కాపురం, పైన ఆ గది. అందులో అతను స్వయంగా అద్దం అరగదీసి చేసుకున్న టెలిస్కోపు, గోడకు చంద్రుడి పటం, అత్తగారు ముచ్చటపడి కొనిచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. అక్కడ కూడే అతని ఖగోళ సంఘంలో సభ్యులు ముగ్గురే కావడంతో మూడు కుర్చీలు మాత్రమే నలిగాయి, మిగిలినవి కొన్ననాటి మెరుపు పోగొట్టుకోలేదు. ఆవిడ కడుపుమంట అంతా ఆ మెరుపు గురించే.

"అల్లుడుగారూ, ఇన్నేళ్ళలో నాలుగో మనిషి ఆ మెట్లెక్కగా నేను చూళ్ళేదు," అంది ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ. "పిల్లలకి ట్యూషన్ చెప్పుకునే ఆవిడ గది అడుగుతోంది. సాయంత్రం మీ సభకి కుర్చీలు నిండాయా, సరే. నిండలేదా, ఆ గొట్టం తీసుకెళ్ళి మంచం కింద పెట్టుకోండి."

గొట్టం అన్నందుకు అతనికి బాధ కలిగింది. మంచం కింద అన్నందుకు భయం వేసింది. రోజంతా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసే మనిషికి, తన చూపు పెట్టుకోవడానికి ఉన్న చోటు అదొక్కటే. అది పోతే అతను నిజంగానే దిగులుతో మంచం పడతాడు, కానీ మంచం కింద అప్పటికే టెలిస్కోపు ఉంటుంది.

సంఘంలో మిగిలిన ఇద్దరిలో ఒకరు ఫిజిక్స్ లెక్చరరు. నోరు తెరిస్తే కాంతి సంవత్సరాలకు తక్కువ మాట్లాడడు. రెండోవారు కళ్ళజోళ్ళాయన అక్క మొగుడు, దర్జీ. విశ్వానికి అంచు ఉందా లేదా అనే విషయం మీద ఈ ఇద్దరికీ ఏళ్ళ తరబడి పడదు.

"అంచు లేకుండా ఎలా ఉంటుందండీ? పోగులు ఊడిపోవూ?" అంటాడు దర్జీ.

"మీరు చొక్కా గురించి మాట్లాడుతున్నారు," అంటాడు లెక్చరరు.

"కుట్టినదేదైనా ఒకటే."

పథకం లెక్చరరుది. కళ్ళజోళ్ళ షాపు గుమ్మానికి ఫుట్‌బాల్ ఒకటి వేలాడదీస్తారు. అది సూర్యుడు. ఆ లెక్కన భూమి ఆవగింజంత అయి పక్కింటి గేటు దాటాక వస్తుంది. అలా ఒక్కో గ్రహం ఎక్కడ పడుతుందో వీధి పొడుగునా కొలిచి గుర్తులు పెడతారు. సాయంత్రం సభకు వచ్చే జనం ఆ గుర్తులన్నీ చూసుకుంటూ వస్తారు. వీధి చివరికి కూడా సూర్యకుటుంబమే పూర్తి కాదని, పక్క నక్షత్రానికి వెళ్ళాలంటే సముద్రాలు దాటాలని తెలిసి నోరు తెరుస్తారు. తెరిచిన నోళ్ళతో మెట్లెక్కి కుర్చీల్లో కూర్చుంటారు.

కొలవడానికి దర్జీ మెడలో టేపు ఉండనే ఉంది. వీధంతా బట్టలు కొలిచే టేపుతో కొలిచారు. అంటే ఇద్దరు పెద్దమనుషులు వీధి పొడుగునా కప్పల్లా కూర్చుంటూ లేస్తూ వెళ్ళారు, వెనకాల కళ్ళజోళ్ళాయన గేటుకు వెయ్యగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా పట్టుకుని నడిచాడు. సుద్దతో రాస్తే చెరిగిపోతుందని రంగు ఎంచుకున్నది అతనే.

గ్రహాల పేర్లు రాద్దామనుకున్నారు. సెలూన్ గోడ మీద గురువు పడ్డాడు, బాగానే ఉంది. కానీ లెక్క చూసుకుంటే శని సరిగ్గా మందుల షాపు గోడ మీదికి వస్తున్నాడు.

"బావగారూ, పొద్దున్నే వెళ్ళి మందుల షాపాయన గోడ మీద 'శని' అని రాస్తే మనల్ని బతకనిస్తాడా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నాకూ కాళ్ళూ చేతులూ కావాలోయ్," అన్నాడు దర్జీ.

అందుకని ఎక్కడా పేర్లు రాయకూడదని తీర్మానించారు. ప్రతి గోడ మీదా ఒక ఎర్ర గీత, దాని పక్కన సూర్యుడి నుంచి దూరం తెలిపే ఒక అంకె మాత్రం వేశారు. దర్జీ అలవాటు కొద్దీ ప్రతి గీతకూ రెండంగుళాల ఇవతల ఇంకో సన్నగీత కూడా లాగాడు. అదెందుకని లెక్చరరు అడిగితే, "కుట్టుకి వదలాలి కదండీ," అన్నాడు. ఆ పనితనానికి ముగ్గురూ సంతోషించారు.

సెలూన్ ఆయన ఒక గడ్డం సగంలో ఆపి బయటికి వచ్చాడు. "ఏంటి సార్, కొలుస్తున్నారు?"

"సాయంత్రం మీటింగులో అన్నీ చెప్తాం. డాబా మీద. తప్పకుండా రండి," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"అది కాదు సార్, ఈ గీతేంటి? మా షాపు ఏమవుతుంది?"

ఈ ప్రశ్నకు జవాబు కళ్ళజోళ్ళాయన చెప్పి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. లెక్చరరు చెప్పాడు. "చూడండి, ఈ లెక్కలో మీ షాపు అసలు లేనట్టే. మీ షాపే కాదు, ఈ వీధే లేదు. అసలు ఊరే లేదు. ఆ సంగతి తెలిశాక మనిషికి ఎంత ప్రశాంతంగా ఉంటుందో తెలుసా?"

సెలూన్ ఆయనకు ప్రశాంతంగా అనిపించలేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారని, గీత దాకా కొట్టేస్తారని, సన్నగీత దాకా కొడితే అదృష్టమని అతను సగం గడ్డం మనిషితో చెప్పాడు. ఆ మనిషి అదే గడ్డంతో వెళ్ళి బేకరీలో చెప్పాడు. బేకరీ ఆయన మందుల షాపుకు ఫోను చేశాడు. మందుల షాపాయన తన గోడ మీద అంకె చూసుకుని, అది అడుగుల్లోనా గజాల్లోనా అని తెలియక, రెండు విధాలా లెక్క వేసి, రెండు విధాలా కుర్చీలో కూలబడ్డాడు. ఆయన తమ్ముడు లాయరు. లాయరు రంగంలోకి దిగాక ఏ పుకారైనా నిజమైపోతుంది. మధ్యాహ్నానికి సెలూన్ బోర్డు కిందికి దిగింది, బేకరీ ఓవెన్ ఆటో ఎక్కింది, జిరాక్స్ షాపు ఆయన ఏ వినతిపత్రం వచ్చినా తీసిపెట్టడానికి సిద్ధంగా మిషను వేడి చేసి ఉంచాడు.

కళ్ళజోళ్ళాయనకు ఇవేమీ తెలియవు. తెలిసిందల్లా, మధ్యాహ్నం నుంచి షాపుకు వచ్చిన ప్రతివాడూ కళ్ళజోడు సంగతి వదిలేసి మీటింగు గురించే అడుగుతున్నాడని.

"ఎన్ని గంటలకండీ మీటింగు?"

"చీకటి పడకముందే. అందరూ రండి. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురండి."

"ఆడవాళ్ళు కూడా మాట్లాడొచ్చా?"

"అయ్యో, తప్పకుండా! ఎన్ని ప్రశ్నలైనా అడగండి. వాదించండి. అందుకే కదా మేమున్నది."

ఇంత విజ్ఞాన తృష్ణ ఇన్నాళ్ళూ ఈ వీధిలో ఎక్కడ దాక్కుందా అని అతనికి కళ్ళు చెమర్చాయి. అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

సాయంత్రానికి మెట్లు కనిపించలేదు, మనుషులే కనిపించారు. కుర్చీలు నిండాయి, గది నిండింది, డాబా నిండింది. చంద్రుడి పటం కింద మందుల షాపాయన, తమ్ముడు లాయరు ముందు వరసలో కూర్చున్నారు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఆ మెరిసే కుర్చీల మీద ఒక్కొక్కరే కూర్చోవడం తృప్తిగా చూసింది. కళ్ళజోళ్ళాయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. అతని జీవితంలో అంతకన్నా మంచి క్షణం లేదు, అది ఎంతోసేపు నిలవలేదు కూడా.

లెక్చరరు గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా, మనం చాలా చిన్నవాళ్ళం."

"చిన్నవాళ్ళమనే కదా కొట్టేస్తున్నారు!" అని వెనక నుంచి బేకరీ ఆయన భార్య లేచింది. "ఆ మూల పెద్ద మేడకి గీత ఎందుకు పెట్టలేదు?"

"అక్కడ ఏమీ పడదమ్మా. మధ్యలో అంతా శూన్యం," అన్నాడు లెక్చరరు.

"ఎంత ముట్టింది మీకు?" అన్నాడు లాయరు.

అప్పుడు దర్జీ లేచి సర్దిచెప్పబోయాడు. "కంగారుపడకండి, అందరికీ కుట్టుకి రెండంగుళాలు వదిలాను," అన్నాడు. దాంతో డాబా మీద అరుపులు మొదలయ్యాయి. ఆ గోలలోనే కళ్ళజోళ్ళాయనకు సంగతంతా తెలిసివచ్చింది. అతను కుర్చీ ఎక్కి, సభకని గుమ్మం నుంచి విప్పి తెచ్చిన ఫుట్‌బాల్ రెండు చేతులతో పైకెత్తి, "రోడ్డు కాదండీ బాబూ! ఇది సూర్యుడు! మీ గోడల మీద ఉన్నవి గ్రహాలు!" అని గట్టిగా అరిచాడు.

అందరూ ఫుట్‌బాల్ వైపు తిరిగారు.

"అయితే ఏదీ కొట్టరా?" అన్నాడు సెలూన్ ఆయన.

"ఏదీ కొట్టరు."

"మరి నా గోడ మీదున్నది ఏ గ్రహం?" అన్నాడు మందుల షాపాయన.

ముగ్గురు ఖగోళవేత్తలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఉంగరాలున్నది," అన్నాడు దర్జీ జాగ్రత్తగా.

మందుల షాపాయన అది శుభమే అనుకుని శాంతించాడు. అందరి గుండెల మీది బరువూ దిగింది. ఊపిరి పీల్చుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రేపు నిజంగానే ఎవడైనా కొలతలకు వస్తే మన గతేమిటన్నారు. ఇన్నేళ్ళుగా పక్కపక్కనే ఉండి కూడా ఒక సంఘం పెట్టుకోలేదేమన్నారు. లాయరు అక్కడికక్కడే నియమావళి చెప్పాడు, జిరాక్స్ ఆయన ప్రతులు తెస్తానని కిందికి పరిగెత్తాడు. సంఘానికి కూర్చునే చోటు కావాలన్న మాట వచ్చింది.

కళ్ళజోళ్ళాయన అత్తగారి దగ్గరికి వెళ్ళాడు. "అత్తయ్యగారూ, కుర్చీలు నిండాయి కదా."

"నిండాయి," అంది ఆవిడ న్యాయంగా. "నింపిందెవరు? మీ నక్షత్రాలా? వాళ్ళ షాపులు పోతాయన్న భయం. భయపడి వచ్చినా నాకు పట్టింపు లేదు, వచ్చారు, కూర్చున్నారు. వారం వారం వస్తామంటున్నారు. గది వాళ్ళది. మీకేమండీ, విశ్వం అంత పెద్దదని మీరే చెప్తిరి. డాబా మీద ఓ మూల సర్దుకోండి."

ఏడవడానికి వయసు కాదు కాబట్టి అతను టెలిస్కోపును ఎత్తుకుని ఆరుబయటికి తెచ్చి నిలబెట్టాడు. పైన ఆకాశం ఉందని, దానికి గోడలు లేవని, అది కొంతలో కొంత మేలేనని లెక్చరరు ఓదార్చాడు.

సంఘం మొదటి తీర్మానం ఆ గదిలోనే ప్రవేశపెట్టారు. ఇకమీద ఎవరు టేపు పట్టుకుని వచ్చినా అందరికీ కనపడేలా ప్రతి షాపు ముందూ ఒక పెద్ద దీపం, ఈ డాబా మీద అన్నిటికన్నా పెద్దది పెట్టించాలని. వీధిలో షాపున్న ప్రతివాడూ సభ్యుడే కావడంతో ఆ వెలుగులో ఇక ఒక్క నక్షత్రమూ కనపడదని తెలిసీ కళ్ళజోళ్ళాయన కూడా చెయ్యెత్తాల్సి వచ్చింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది, కానీ ఆ చెయ్యి ఓటు కాదని, ఆకాశం వైపు చూపిస్తున్నదని లెక్చరరు ఇప్పటికీ వాదిస్తాడు.