షౌకీ ఊరబెట్టని చేప

ఆ ఉదయం షౌకీ రెండే పనులు పెట్టుకున్నాడు. చెరువులోని బోల్టీ చేపల మేతలో తెల్లపొడి కలపడం, ఆ సంగతి బావమరిది జగ్లూల్ కంటబడకుండా చూడడం. నిరుడు పక్క చెరువులో జగ్లూల్ చేపలే ఎక్కువ తూగాయి. ఏడాది పొడవునా టీకొట్టులో అదే కబురు. ఈసారి చేపల డాక్టరమ్మ అసలు లోపం పట్టుకుంది. సోయా మేతలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అది చాలకపోతే చేప ఎంత తిన్నా ఒంటబట్టదని చెప్పి ఈ పొడి సంచి ఇప్పించింది.

సంచి విప్పగానే భార్య బహియ్యా ముక్కు మూసుకుంది. తనకు ఏ వాసనా రావడం లేదన్నాడు షౌకీ. అంతలో గుమ్మంలో జగ్లూల్.

"ఏంటి బావా ఈ కంపు?"

"ఫెసీఖ్. పండక్కి చేప ఊరబెడుతున్నా."

నోటికొచ్చింది అనేశాడు. వసంత పండుగనాడు ఊరబెట్టిన ఉప్పుచేప తినని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. కంపు ఎంత గట్టిదైతే సరుకు అంత మంచిదని లెక్క. నెలన్నర పాటు షౌకీ రోజూ పొడి కలిపాడు, ఊరు రోజూ వాసన పీల్చింది. ఇంత పిసినారి ఇంత చేప ఊరబెట్టేది అందరికీ పెట్టడానికే అని జగ్లూల్ చాటింపు వేశాడు. కాదంటే సంచి చూపించాలి కాబట్టి షౌకీ నోరు మెదపలేదు.

పండుగ పొద్దున జనం రొట్టెలు, ఉల్లికాడలు పట్టుకొచ్చి చెరువు గట్టున చాపలు పరిచారు.

"ఏం పెడతారో మీ ఇష్టం. ఆ పొడి మాత్రం నేను వడ్డించను," అంది బహియ్యా.

గత్యంతరం లేక షౌకీ వల వేశాడు. పైకొచ్చిన బోల్టీలను చూసి జనం నోళ్ళు తెరిచారు. అతనికి ఎక్కడలేని సంతోషం వేసింది. ఉన్నవాటిలో పెద్దవన్నీ ఏరి కాల్పించి, కొసరి కొసరి వడ్డించాడు. ఫెసీఖ్ ఏదని ఎవరో అడిగారు. జగ్లూల్ చెరువు వంకా బావ వంకా మార్చి మార్చి చూశాడు.

"తెలిసిపోయిందిలే బావా. ఫెసీఖంతా వీటికే మేపావు కదూ?"

షౌకీ తలూపాడు. రహస్యం దక్కింది, అంతే చాలు.

మర్నాటి నుంచి జగ్లూల్ ఇంటింటా మిగిలిన ఉప్పుచేప అడిగి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, దంచి మేతలో కలిపాడు. షౌకీ గట్టున కూర్చుని కడుపుబ్బ నవ్వాడు. నెల తిరిగాక డాక్టరమ్మ వచ్చి రెండు చెరువుల చేపలూ తూచింది. షౌకీ చెరువులో పెద్దవి ఊరి కడుపులోకి ఎప్పుడో పోయాయి. జగ్లూల్ చేపలే మళ్ళీ ఎక్కువ తూగాయి.

"చేపలో మెథియోనిన్ బోలెడు ఉంటుంది. ఈ ఉపాయం ఎవరు చెప్పారయ్యా?" అంది డాక్టరమ్మ.

"మా బావే," అన్నాడు జగ్లూల్ గర్వంగా.

షౌకీ ఇంటికెళ్ళి సంచి మూతి విప్పాడు. మొట్టమొదటిసారి అతనికి కంపు కొట్టింది.