రోజుకు అరంగుళం

ఆ ఉదయం దర్జీ మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. రక్తపరీక్ష రిపోర్టు తీసుకోవాలి, రోజూ బ్రాందీ ఎంత తాగితే ప్రమాదం లేదో డాక్టరును అడగాలి, పదింటికల్లా కొట్టు తెరవాలి. కానీ ఆ అడగడానికే ఆయనకు భయం. సాయంత్రం ముక్కు మూసుకుని ఒక్క గుక్క వేశాడంటే బల్ల మీది బట్టలు మెల్లగా మేలుకునేవి. పట్టు నీళ్లలా పారేది. చేతులు కుట్టని కోటు కిటికీ దాకా తేలి వెళ్లి, కాలరు ఎలా ఉండాలో తనే చెప్పి వచ్చేది. ఎవరికీ రాని కోతలు ఆ గంటలోనే ఆయన చేతికి వచ్చేవి. డాక్టరు వద్దంటే ఆ గంట పోయినట్టే.

ఆయన కొలతల మనిషి. రోజుకు అరంగుళం, దారమంత కూడా ఎక్కువ కాదు. తాగాక సీసా లేబులు మీద సుద్దముక్కతో గీత పెట్టేవాడు. సాక్ష్యంగా ఆ సీసాను సంచిలో వేసుకోగానే భార్య ముఖం పాలిపోయింది.

"నేనూ వస్తానండీ" అంది.

బీపీ చూపించుకుంటానంటూ అత్తగారూ చెప్పులు వేసుకుంది.

"రోజుకు అరంగుళమే డాక్టరుగారూ" అన్నాడు మాస్టారు, ఆస్పత్రి గదిలో సీసాను డాక్టరు ముందు పెట్టి.

"మందును టేపుతో కొలిచేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా."

భార్య కంగారుపడింది. "పావంగుళమేనండీ! కొత్త సీసా రాగానే సగం నేనే సింకులో పోసేస్తాను. మళ్లీ నీళ్లతో నింపి, రంగు కోసం కాస్త టీ కలుపుతాను."

డాక్టరు మూత తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. "పావు కూడా లేదమ్మా. ఇది ఉత్త చల్లారిన టీ. ఆ మిగతా సగం ఏమైంది?"

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది.

"మోకాళ్ల నొప్పులు నాయనా. అమ్మాయిని చూసి నేనూ నేర్చుకున్నా. తీసినంత టీ పోసి గీత దాకా నింపేదాన్ని. అల్లుడుగారి లెక్క ఒక్కనాడూ తప్పనివ్వలేదు."

"మోకాళ్లకు రాస్తే ఇంత ఖర్చవదే?" అన్నాడు డాక్టరు.

"పైన రాస్తే పట్టడం లేదని, లోపలి నుంచి..."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"రెండేళ్లుగా నేను తాగుతున్నది టీనా?" మాస్టారు సీసాను వెలుతురుకెత్తి చూశాడు.

"మీ రిపోర్టు చంటిపిల్లాడి రిపోర్టులా ఉంది" అన్నాడు డాక్టరు. "రోజూ ఇంత తాగితే ఏమీ కాదని ఎవరూ రాసివ్వలేరు. ఎంత తక్కువైతే అంత మంచిది, అసలు లేకపోతే మరీ మంచిది. మీరు తాగుతున్నదాన్ని మాత్రం నిశ్చింతగా తాగండి."

సాయంత్రం మాస్టారు కొట్లో ఒంటరిగా కూర్చున్నాడు. సీసా లేదు. ఇక ఆ గంట రాదనుకుంటే ఏడుపొచ్చినంత పనైంది. అలవాటు చొప్పున ముక్కు మూసుకుని మంచినీళ్లు ఒక గుక్క తాగాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత బల్ల చివర నీలం పట్టు ఒళ్లు విరుచుకుంది, మడతలు విప్పుకుంటూ నెమ్మదిగా పైకి తేలింది. ఆయన పట్టరాని సంతోషంతో కత్తెర అందుకున్నాడు.

అత్తగారిని మాత్రం డాక్టరు రక్తపరీక్షకు మర్నాడు పరగడుపున రమ్మన్నాడు.