దున్నరాజు గొంతు మార్చారు, మంచి పని చేశారు!

అయ్యా, అమ్మా! అమెరికాలో తెలుగువాళ్ళంతా ఏకం కావాలంటే ఒకటే దారి. కార్టూన్‌లో దున్నపోతు గొంతు మార్చెయ్యాలి!

నవ్వకండి. ఊసుపోక అనడం లేదు, కళ్ళారా చూసి చెబుతున్నా.

దున్నరాజు తెలియని తెలుగిల్లు ఇక్కడుందా? నెత్తిన చిట్టి టోపీ, మూతినిండా బురద, ఎవరే పని చెప్పినా "ఉండెహె, మేయనీ!" అని కసిరే బొమ్మ దున్నపోతు. పిల్లలకి తెలుగు రావాలని ట్యాబ్‌లో దాన్ని పెట్టేసి, చేతికి గిన్నె ఇచ్చేసి, మన పని మీద మనం పోతాం. ఇన్నేళ్ళూ దానికి గొంతిచ్చిన పెద్దాయన ఇక చాలనుకుని తప్పుకున్నారు. ఆ చోట్లోకి ఓ కుర్రాడొచ్చాడు. మంచి గొంతే, పాపం! కాకపోతే వార్తలు చదివినట్టు, "కాసేపు ఆగండి, నేను మేస్తున్నాను" అన్నాడు.

ఇంకేముంది!

మా ఊరు షాంటిలీలో గుప్పెడు కుటుంబాలకి మూడు అసోసియేషన్లు. ఉగాది ఏ హాల్లో చెయ్యాలో తేలక మూడుచోట్ల మూడు పచ్చళ్ళు కలుపుకునే జనం. కలిసుండండిరా అంటే దున్నపోతు మీద వాన కురిసినట్టే! అలాంటివాళ్ళు పూట తిరక్కుండా ఒకే వాట్సాప్ గ్రూపులోకి వచ్చిపడ్డారు. పిస్కాటవేలో మాస్టర్స్ చదివే పిల్లలు పార్కింగ్ లాట్‌లో కొవ్వొత్తులు వెలిగించారు. ఎవరు పోయారని సెక్యూరిటీ అతను అడిగితే "అవర్ బఫెలో, సర్" అన్నారట. పాపం అతను టోపీ తీసి తలొంచుకున్నాడు! సన్నీవేల్ ఇంజనీరు రాకేష్ పాత గొంతుకీ కొత్త గొంతుకీ గ్రాఫులు గీసి, "చూడుండ్రి, గొంతుల బురద మొత్తం పోయింది!" అని తేల్చాడు. గొంతు మారాక దున్న చిక్కిపోయిందని ఒకావిడ ఒట్టేసింది. బొమ్మండీ అది! ఏం తిని బలిసింది, ఏం తినక చిక్కింది?

ఈ ఉద్యమానికి నాయకుడు మన షాంటిలీ మోజెస్. ఊరికే దిగలేదు, అతని బాధ అతనిది.

మోజెస్‌కి ఏడేళ్ళ కూతురుంది, కెజియా. ఆ పిల్ల నోట పలికే తెలుగంతా దున్నరాజు పెట్టిన భిక్షే. ఒకసారి ఆరాధన అయ్యాక ప్రేమవిందులో పాస్టర్‌గారు తల నిమిరి "బావున్నావా తల్లీ?" అనడిగితే, బిర్యానీ ప్లేట్లోంచి తలెత్తకుండా "ఉండెహె, మేయనీ!" అంది. తల్లి పర్సిస్‌కి తల కొట్టేసినట్టయింది. పాస్టర్‌గారు మాత్రం "దేవునికి స్తోత్రం! మన సంఘం పిల్లల్లో ఇంత తెలుగు ఎవరికొచ్చు?" అని మురిసిపోయి, పిల్లల ఆదివారం నాడు తెలుగులో కంఠత వాక్యం చెప్పే పని దానికే అప్పజెప్పారు.

సరిగ్గా అప్పుడే గొంతు మారింది. కెజియా ఒక ఎపిసోడ్ చూసి ట్యాబ్ బోర్లించేసింది.

"హీ ఈజ్ ఫేక్. ఐ యామ్ డన్ విత్ తెలుగు!"

వాక్యం నేర్పబోతే చెవులు మూసుకుంది.

మోజెస్ లెక్క ఒకటే. ఆ గొంతు తిరిగి రాకపోతే బిడ్డకి తెలుగు దక్కదు! వెంటనే 'సేవ్ అవర్ తెలుగు వాయిస్' అని పిటిషన్ రాశాడు. ఇంగ్లీషులోనే లెండి. శనివారం జూమ్ మీటింగ్ పెట్టాడు. మాతృభాష తీపి గురించి వక్తలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అదీ ఇంగ్లీషులోనే. మధ్యలో కెజియా వచ్చి చొక్కా లాగితే, "నాట్ నౌ, బేబీ. డాడీ ఈజ్ సేవింగ్ తెలుగు" అన్నాడు.

వంటింట్లోంచి పర్సిస్ గరిటెతో సహా వచ్చింది.

"ఏమండీ! ఆ దున్నపోతుకి గొంతు లేదని ఊరంతా గొంతు చించుకుంటున్నారు. మీకేం, గొంతు పడిపోయిందా?"

"మీటింగ్‌లో ఉన్నా పర్సీ, అరవకు!"

"బాపట్ల పక్కన గేదెలు తోలుకుంటూ పెరిగిన మనిషి! ఆ దున్నరాజు యాస మీ ఊరిదే కదా. కన్నపిల్లతో ఒక్క ముక్క మాట్లాడ్డానికి నోరు రాదుగానీ..."

మోజెస్ మ్యూట్ నొక్కాడు. అప్పటికే సన్నీవేల్ దాకా అందరూ విన్నారు. మీటింగ్ మొత్తంలో వినబడిన తెలుగు అదే!

ఆ పూట అన్నాల దగ్గర కెజియా మూతి ముడుచుకుని కూర్చుంది. మోజెస్ పప్పన్నం కలిపాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకుని, చిన్నప్పుడు చెరువుగట్టున వదిలేసొచ్చిన గొంతు బయటికి తీశాడు.

"ఏమే దూడా! నువ్వు తినకపోతే నీ ముద్ద కూడా నాదే. ఉండెహె, మేయనీ!"

పిల్ల నోరు తెరిచింది. ముద్ద పెట్టించుకోవడానికి కాదు, ఆశ్చర్యంతో.

"డాడీ... నాతో కూడా తెలుగు మాట్లాడతావా?" అంది మెల్లిగా. "ఐ థాట్ తెలుగు ఈజ్ ఫర్ ఫైటింగ్ విత్ మమ్మీ."

పర్సిస్ గభాలున పొయ్యివైపు తిరిగింది. మోజెస్ ఆ ముద్ద పిల్ల నోట్లో పెట్టి, అదే గొంతులో వాక్యం మొదలెట్టాడు.

పిల్లల ఆదివారం నాడు కెజియా వాక్యం తడబడకుండా చెప్పింది. మొదటినుంచి చివరిదాకా, ఆమెన్‌తో సహా, బాపట్ల దున్నపోతు గొంతులోనే! సంఘమంతా అదే గొంతులో "ఆమెన్" అంది. పాస్టర్‌గారు కూడా.

ఇంతలో ఉద్యమం గెలిచింది. జనం గోల పడలేక కార్టూన్ కంపెనీవాళ్ళు పాత గొంతాయన్ని బతిమాలి తెస్తారట. గ్రూపులో ఒకటే బాణసంచా స్టిక్కర్లు! మోజెస్ మాత్రం చూడలేదు. ఫోను సోఫా కింద మోగుతోంది. అతను కార్పెట్ మీద నాలుగు కాళ్ళమీద ఉన్నాడు. వీపు మీద కెజియా.

అందుకే కంపెనీవారికి చేతులు జోడించి చెప్పుకుంటున్నా. ఆ పెద్దాయన్ని విశ్రాంతి తీసుకోనివ్వండి బాబూ! ఆయన తిరిగొచ్చారో, రేపే ట్యాబులు పిల్లల చేతికొస్తాయి. మేము మళ్ళీ హాయిగా ఇంగ్లీషులో తెలుగుని కాపాడుకుంటాం.