ఉష్ గారి చప్పుడు

ఆ రోజు పొద్దున్న ఉష్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ కాగేలోపు వెనక గదిలో కాసేపు సైకిలు తొక్కాలి, స్నానం చేయాలి, లైబ్రరీకి వెళ్ళాలి. అంతే. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంటు మొత్తానికి నీళ్ళు ఆగిపోతాయనీ, ఆ పుణ్యం తనదేననీ ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆయన అసలు పేరు తలుపు మీది పలక మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. లైబ్రరీలో రీడింగు హాలు చూసుకోవడం ఆయన పని. ఎవరైనా పేజీ కాస్త గట్టిగా తిప్పినా పెదవుల మీద వేలు పెట్టి "ఉష్" అనేవారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. మెట్ల మీద పిల్లలు దూకితే ఉష్. లిఫ్టు తలుపు ఎవరైనా ధడేలున వేస్తే ఉష్. కింది ఫ్లాటు పిన్నిగారు తెల్లారకుండానే కుట్టుమిషను తొక్కుతున్నారని అపార్ట్‌మెంటు మీటింగులో లేచి నిలబడి, జనం నిద్రపోయే వేళ చప్పుడు చేసే యంత్రాలేవీ నడపకూడదని తీర్మానం చేయించారు. పిన్నిగారు ఆ రోజే ఇంటికెళ్ళి మిషను మీద గుడ్డ కప్పారు. వెళ్ళేముందు మాత్రం ఆయన వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపు తగిలిన చోట ఆయనకు ఇప్పటికీ మంటగానే ఉంది.

సైకిలు సంగతికొస్తే, పొట్ట తగ్గించమని డాక్టరు చెప్పాడు. ఉష్ గారు ఏ పనైనా చేస్తే పద్ధతిగా చేసే మనిషి కాబట్టి సన్న టైర్లూ, పొట్టేలు కొమ్ముల్లా వంకర తిరిగిన హ్యాండిలూ ఉన్న రోడ్డు సైకిలే కొన్నారు. కొన్న వారంలోనే ఒక కుక్కను తప్పించబోయి పాల వ్యాను వెనక భాగాన్ని గుద్దారు. వ్యాను ఆగి ఉంది. కుక్క కూడా చాలా దూరంలో ఉందని తర్వాత పాలవాడు చెప్పాడు.

"ఇంక రోడ్డెక్కారంటే నా మీద ఒట్టే," అంది ఆయన భార్య మోచేతికి కట్టు కడుతూ. "అంతగా తొక్కాలనుంటే ఇంట్లో తొక్కుకోండి."

ఆవిడ దెప్పిపొడుద్దామని అంది. ఆయన సలహా అనుకున్నారు. వెంటనే సైకిళ్ళ షాపులో పనిచేసే బావమరిదికి ఫోను చేశారు.

"ఓస్, ఇంతేనా బావా! దానికి ఇండోర్ ట్రైనరని ఉంటుంది," అన్నాడు బావమరిది.

"ట్రైనరంటే మనిషా? ఇంట్లో ఉంటాడా?"

"మనిషి కాదు, స్టాండు. వెనక చక్రాన్ని అందులో, టైరు రోలరుకు రాసుకునేలా బిగిస్తావు. నువ్వు ఒళ్ళు హూనమయ్యేలా తొక్కుతుంటావు, సైకిలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది."

"నా ఉద్యోగంలాగే," అన్నారు ఉష్ గారు.

"వాటిలో రకాలున్నాయి. ఒకటి ఫ్యాను గాలితో తొక్కుడుకు బిగువిస్తుంది. ఇంకోటి అయస్కాంతంతో. మూడోదైతే వెనక చక్రం ఊడదీసి సైకిలునే దానికి తగిలించాలి. దానికి అస్సలు చప్పుడుండదు."

"అదే తీసుకురా."

"స్టాకు లేదు బావా. వచ్చేదాకా మిగతావి ఒక్కోటి తొక్కి చూడు. నచ్చితే ఉంచుకో, లేకపోతే పట్టుకుపోతా."

అలా ముందుగా గాలిది వచ్చింది. ఆ పొద్దున్న ఉష్ గారు నిక్కరేసుకుని, మెడలో తువ్వాలేసుకుని సైకిలెక్కారు. మొదట్లో బుస్సుమంది. వేగం పెంచేసరికి వర్షం ముందు వీచే ఈదురుగాలిలా హోరుమంది. బీరువా తలుపులు గజగజలాడాయి. అలమరలో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. నిజం చెప్పాలంటే ఆయనకు భలే హుషారొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఇంత చప్పుడు ఎప్పుడూ చేయలేదు. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ఇంకా గట్టిగా తొక్కారు.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీస్తే ఎదురుగా పిన్నిగారు. ఆవిడ టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు.

"బాబూ, మీక్కూడా వినిపించిందా?" అన్నారావిడ కంగారుగా.

అక్కడ నిజం చెప్పేస్తే ఈ కథ లేదు. కానీ ఆయన కళ్ళముందు గుడ్డ కప్పిన కుట్టుమిషను కదిలింది. నోరు దానంతటది తెరుచుకుంది.

"ఆఁ... వినిపించింది పిన్నిగారూ."

"అయ్యో, ఎంత చెమట పట్టిందో మీకు! నేనూ అంతే భయపడ్డాననుకోండి. జన్మంతా హెడ్‌ఫోను పెట్టుకుని పనిచేసిన చెవులివి. ఇలాంటి చప్పుడు ఎరగను. బిల్డింగు పొట్టలో ఏదో తిరుగుతోంది. మీరే ఏదో ఒకటి చేయాలి."

ఉష్ గారు లైబ్రరీకి బయలుదేరేలోపే ఆవిడ అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు గారిని నిద్రలేపారు. ఆ ప్రెసిడెంటుకు కమిటీలు వేయడమంటే చెప్పలేనంత సరదా. మెట్ల మీదే చప్పుడు నివారణ కమిటీ ఏర్పడిపోయింది. చైర్మనెవరు అన్న ప్రశ్నకు అందరి వేళ్ళూ ఒకేసారి ఉష్ గారి మీదికి తిరిగాయి.

"చప్పుడంటే ఆయనకు పడదు కదండీ. ఆయన్ని మించినవాళ్ళెవరు?"

ఉష్ గారు ఒప్పుకున్నారు.

మధ్యాహ్నానికి మోటారు మెకానిక్కు వచ్చాడు. సెల్లారులో నీళ్ళ మోటారు మీద స్క్రూడ్రైవరు కొన ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత పెద్ద డాక్టరులా తల అడ్డంగా తిప్పాడు.

"బేరింగు పోయింది సార్. ఇన్నాళ్ళు తిరగడమే ఎక్కువ."

మోటారును ముక్కలు ముక్కలుగా విప్పి గోనెసంచి మీద పరిచాడు. కుళాయిలు ఎండిపోయాయి. సాయంత్రం అపార్ట్‌మెంటంతా బకెట్లతో మెట్లెక్కి దిగుతోంది. ఉష్ గారి భార్య రెండు చేతులా బకెట్లతో పైకొచ్చి, వాటిని ఆయన కాళ్ళ దగ్గర దించింది.

"వెళ్ళి చెప్పేయండి."

"ఇప్పుడెలా చెప్తానే? నేను చైర్మన్ని."

ఆ రాత్రికి రాత్రే బావమరిదిని పిలిపించి గాలిదాన్ని దుప్పట్లో చుట్టి పంపేశారు. దాని స్థానంలోకి అయస్కాంతంది వచ్చింది. ఇది హోరెత్తదు బావా అని వాడు హామీ ఇచ్చాడు. మాట తప్పలేదు. మర్నాడు తొక్కితే హోరు లేదు. సన్నగా, పట్టుదలగా, పంటి డాక్టరు చేతి మిషనులా జుయ్యిమంది.

అప్పుడే మోటారును మళ్ళీ బిగించి వచ్చిన మెకానిక్కు కింద మెట్ల దగ్గర చెవి పైకెత్తి విన్నాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"చూశారా సార్! సగానికి సగం తగ్గింది! నా చెయ్యి పడింది కాబట్టి!"

జనం వాణ్ణి మెచ్చుకున్నారు. మిగిలిన సగం పైపుల్లో ఉందన్నాడు వాడు. పైపుల్లో గాలి చేరిందట, అది దారి దొరక్క ఏడుస్తోందట. సరేనని గోడ పగలగొట్టడం మొదలుపెట్టాడు. ఇంతలో ప్రెసిడెంటు గారికి ఒక ఉపాయం తట్టింది. స్టీలు గ్లాసును గోడకు బోర్లించి, అడుగుకు చెవి ఆనించి వింటే చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుస్తుందట. దాంతో మనుషులు గోడలకు బల్లుల్లా అతుక్కుపోయారు. గ్లాసులు ఖాళీ లేక కొందరు టీ చల్లారబెట్టుకుని తాగేసి మరీ వచ్చారు. కింద నది పారుతోందని ఒకాయన, కాదు సొరంగం తవ్వుతున్నారని ఇంకొకాయన వాదులాడుకున్నారు. మూడో అంతస్తు కొత్తజంట బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎవరి పుట్టింటికన్న విషయంలో దారిలో గొడవపడ్డారని తర్వాత తెలిసింది.

చైర్మను గనక ఉష్ గారు కూడా గ్లాసు పట్టుకుని ముందు నడవక తప్పలేదు. ఆయన ముందు నడుస్తున్నప్పుడు చప్పుడు లేదు. ఆయన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్న కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. తలుపు కొట్టి పిలిస్తే ఆగిపోయేది. ఇది ముందుగా కనిపెట్టింది పిన్నిగారే.

ఆవిడ మెట్ల దగ్గర గొంతు తగ్గించి అన్నారు. "గమనించారా? ఈయన బయటికొస్తే చాలు, అది నోరు మూసుకుంటోంది."

"అవునండోయ్!" అన్నారు ప్రెసిడెంటు. "చైర్మన్ గారంటే దానికి భయం!"

అనుమానించాల్సిన చోట భక్తి పుట్టింది. అందరూ చేతులు జోడించినంత పనిచేసి, రోజూ పొద్దున్న మోటారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోమని ఆయన్ని బతిమాలారు. ఆయన కూర్చున్నారు. చప్పుడు మాయమైంది. ఎలా వస్తుంది, తొక్కే మనిషి సెల్లారులో దోమలు తోలుకుంటుంటే? అపార్ట్‌మెంటు హాయిగా నిద్రపోయింది. దారిలో ఎదురైనవాళ్ళు ఆయనకు వంగి నమస్కారాలు పెట్టారు. ఒకావిడ నిద్రపోని పసిబిడ్డను తెచ్చి, ఒక్కసారి దీని దగ్గర కూడా కూర్చోండి అని అడిగింది. కుర్చీలో కదలకుండా కూర్చోవడంతో, తగ్గాల్సిన పొట్ట మాత్రం నిక్కరును మించిపోయింది.

ఒక పొద్దున్న ప్రెసిడెంటు గారు కమిటీ తరఫున ఆయన కుర్చీకి మెత్తని దిండు తెచ్చారు. పిన్నిగారు, మెకానిక్కు, మరో పదిమంది వెంట వచ్చారు. ప్రెసిడెంటు గొంతు సవరించుకుని, "శబ్దాన్ని జయించిన మహానుభావుడు..." అని మొదలుపెట్టారు.

జుయ్యిమంది.

అందరూ బిగుసుకుపోయారు. గ్లాసులు గోడలకు అతుక్కున్నాయి. సందేహం లేదు, అదే చప్పుడు. సన్నగా, పట్టుదలగా, పైకి పైకి పోతోంది.

అందరికంటే ఎక్కువ భయపడింది ఉష్ గారు. మిగతావాళ్ళకు అది ఏదో చప్పుడు. ఆయనకు మాత్రం అది తన చప్పుడు. తానిక్కడ దిండు మీద కూర్చుని ఉంటే, పైన మోగిస్తున్నదెవరు? నిజంగానే ఈ బిల్డింగులో ఏదో ఉందా? ఇన్నాళ్ళూ తాను తొక్కితే అది కూడా తనతో పాటు తొక్కుతోందా? ఆయన లేచి, ఎవరికీ చెప్పకుండా మెట్ల మీద పరుగు తీశారు. చైర్మన్ గారు చప్పుణ్ణి పట్టుకోబోతున్నారనుకుని మిగతావాళ్ళు గ్లాసులతో సహా వెంటపడ్డారు.

వెనక గది తలుపు తోసేసరికి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఆయన భార్య సైకిలు తొక్కుతోంది. కిటికీ చట్రం మీద పాటల రేడియో.

"నువ్వా!" అన్నారు ఉష్ గారు.

"మరేం చేయమంటారు? మీరు పోయి కింద కూర్చుంటున్నారు. ఇది ఖాళీగా ఉందని ఇవాళే ఎక్కా," అంది ఆవిడ తొక్కుడు ఆపకుండా. అప్పుడు ఆయన భుజాల మీదుగా తొంగిచూస్తున్న తలలు కనబడ్డాయి. కాళ్ళు ఆగాయి. జుయ్యిమనడమూ ఆగింది.

గదిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. జీవితమంతా ఉష్ గారు కోరుకున్న నిశ్శబ్దం సరిగ్గా ఇదే. దొరికాక భరించలేకపోయారు.

"పిన్నిగారూ, తప్పు నాదే," అన్నారు తల వంచుకుని. "మొదటి రోజు నుంచీ నేనే. మీ మిషను ఆపించినవాణ్ణి కదా, చెప్పడానికి మొహం చెల్లలేదు."

"అంటే నేను గోడకు చెవి ఆనించి విన్నది మిమ్మల్నా?"

"నన్నే."

"నది అన్నది?"

"నేనే."

"మరి నా బేరింగు?" అన్నాడు వెనకనుంచి మెకానిక్కు బిక్కమొహంతో. వాడు మనుషుల్ని తోసుకొచ్చి, ట్రైనరు మీద స్క్రూడ్రైవరు ఆనించి, చెవిలో పెట్టుకుని విన్నాడు. "పోయింది సార్," అన్నాడు. వాడి మొహంలో మళ్ళీ కళ వచ్చింది.

పిన్నిగారు ఆ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. ఉష్ గారు తిట్లకు సిద్ధపడి కళ్ళు మూసుకున్నారు.

"అమ్మాయ్, కాస్త దిగు," అన్నారావిడ. "నా మిషను ఆపేసినప్పట్నుంచీ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఒకసారి తొక్కి చూస్తాను."

ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కాక మాత్రం ఆవిణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన కాళ్ళు. ఉష్ గారు ఎంత ఆయాసపడినా రప్పించలేని శ్రుతి ఆవిడ కబుర్లు చెబుతూ రప్పించారు. దిగమంటే దిగలేదు. ప్రెసిడెంటు గారు లాల్చీ చేతులు మడుచుకుని, తర్వాతి వంతు నాది అన్నారు. గుమ్మం దాకా వరస కట్టేశారు. ఆ వరసలోనే, ఉన్నవాళ్ళందరితోనే మీటింగు జరిగిపోయింది. ట్రైనరు ఇకనుంచి సెల్లారులో అందరికీ. కుట్టుమిషను మీద ఆంక్ష రద్దు. పర్యవేక్షణ పిన్నిగారిది. సైకిలు చైర్మన్ గారు ప్రేమతో సమర్పించారు. ఆఖరి అంశం ఉష్ గారు కూడా అక్కడే విన్నారు.

సరిగ్గా అప్పుడే బావమరిది ఎగశ్వాసతో మెట్లెక్కి వచ్చాడు, భుజాన పెద్ద అట్టపెట్టెతో.

"బావా, వచ్చేసింది! మూడోది! చక్రం తీసేసి తగిలించేది! చీమంత చప్పుడు కూడా ఉండదు!"

బిగించి చూపించాడు. నిజంగానే ఏమీ వినిపించలేదు. పిన్నిగారు కాసేపు తొక్కి, మొహం చిట్లించుకుని దిగిపోయారు.

"ఇదేం తొక్కుడు బాబూ? ఇంత కష్టపడి తొక్కితే పక్కవాళ్ళకు తెలియొద్దూ?"

"మొదటి రోజు హోరుమంది చూడండి," అన్నారు ప్రెసిడెంటు ఆశగా, "అది దొరుకుతుందా?"

దొరికింది. గాలిది దుప్పట్లోంచి తిరిగొచ్చి, మోటారు పక్కన కొలువుతీరింది. పొద్దున్నే పిన్నిగారు, తర్వాత ప్రెసిడెంటు, తర్వాత అంతస్తుల వారీగా అందరూ దాన్ని హోరెత్తించారు. ఉష్ గారు తువ్వాలు మెడలో వేసుకుని, మెత్తని దిండు మీద కూర్చుని, మర్యాదగా తన వంతు కోసం ఎదురుచూశారు.

ఆయన వంతు వచ్చేసరికి వెనక టైరు అరిగిపోయింది.