ట్యాంకరు అల్లుడు

ఆ ఆదివారం డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న కార్యక్రమం చాలా సులువైనది. పొద్దున్నే తన డ్రైవింగ్ స్కూలు కారు కడగడం, మధ్యాహ్నం కాబోయే అల్లుడితో కలిసి భోంచెయ్యడం, సాయంత్రం అతన్ని వెంటబెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి నడవడం. మొదటి రెండు పనులూ మూడోదాని కోసమే.

అల్లుడు ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్. మాస్టారి ఒక్కగానొక్క కూతురు అతనుండే ఎయిర్‌ఫోర్స్ బేస్‌లోనే వాతావరణ శాఖలో పనిచేస్తోంది. ఏ మబ్బు ఎటు పోతోందో చూసి పైలట్లకు చెప్పడం ఆమె ఉద్యోగం. అలా చెప్పగా చెప్పగా ఒక పైలట్ ఆమెకు నచ్చాడు. "పైలట్ నాన్నా" అని ఆమె ఫోనులో అనగానే, దాని ముందు 'ఫైటర్' అనే మాటను మాస్టారు సొంతంగా తగిలించుకున్నారు. తగిలించుకుని ఊరుకోలేదు. క్లచ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకీ, మందుల షాపులోనూ, ఇస్త్రీ కొట్లోనూ పంచిపెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా ఎదురింటి మేనేజరు గారికి చెప్పారు.

మేనేజరు గారు బ్యాంకులో రిటైరయ్యాక విమానాల పిచ్చిలో పడ్డారు. మెడలో బైనాక్యులర్స్ లేకుండా ఆయన డాబా ఎక్కరు.

"ఫైటరా! పైన కాపు కాసేదా, కిందికి దిగి బాంబులు వేసేదా?" అని అడిగారాయన.

"రెండూనూ" అన్నారు మాస్టారు, ఆలోచించకుండా.

మేనేజరు గారు పొంగిపోయారు. ట్రైనరంటే నేర్చుకోవడానికి, ట్రాన్స్‌పోర్టంటే మనుషుల్నీ సామాన్నీ మొయ్యడానికి, వీపు మీద పళ్ళెం ఉండేది దూరం నుంచే శత్రువుని కనిపెట్టడానికి, హెలికాప్టరు వరదల్లో చిక్కుకున్నవాళ్ళని లాగడానికి అంటూ పాఠం మొదలుపెట్టారు. ఇంకా చెప్పేవారే కానీ, మాస్టారికి క్లాసు టైమైంది. ఆ రోజు ఇంకో రెండు నిమిషాలు నిలబడి విని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆదివారం ఉదయం మాస్టారు కారు కడుగుతుండగా కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, నా తర్వాత డ్యూటీకి రావలసినావిడ ఇంకా రాలేదు. నాకు ఆలస్యమవుతుంది. అతను ముందు బస్సులో వచ్చేస్తాడు."

"బస్సులోనా? ఫైటర్ పైలటు బస్సులో రావడమేంటే!"

"ఫైటరని ఎవరన్నారు? అతను నడిపేది ట్యాంకరు నాన్నా. అంటే గాల్లో..."

మాస్టారి తడిచేతిలోంచి ఫోను జారి సబ్బునీళ్ళ బకెట్లో పడింది. తీసి దులిపితే నాలుగు బుడగలు వచ్చాయి తప్ప మాట రాలేదు.

ఆమె చెప్పబోయిన మిగతా సగం ఇది. ఎయిర్‌ఫోర్స్‌లో ట్యాంకరన్నా విమానమే. కడుపు నిండా ఇంధనం పోసుకుని పైకెళ్ళి, ఎగురుతున్న ఫైటర్లకు ఆకాశంలోనే పైపు వదిలి ఇంధనం అందించే పెద్ద విమానం. ఈ సగం బకెట్లో మునిగిపోయింది. మొదటి సగం మాత్రం మాస్టారి నెత్తిన పడింది.

ఆయన వంటింట్లోకి పరుగెత్తారు. "ఇదిగో, కొంప మునిగింది. అబ్బాయి ఫైటరు కాదట. ట్యాంకరు నడుపుతాడట!"

"అంటే?" అంది భార్య, కూర కలుపుతూ.

"అంటే విమానాలకి ఆయిలు పోసే లారీ!"

"పోనీలెండి, నేలమీదే ఉంటాడు" అని ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"ఎదురింటాయనకి తెలిస్తే నా తల ఎక్కడ పెట్టుకోను?"

"మెడ మీదే పెట్టుకోండి. ఫైటరని చాటింపు వెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?"

లారీ నడపడం తక్కువ పనని మాస్టారు ఏనాడూ అనుకోలేదు. ఊళ్ళో సగం లారీలు ఆయన శిష్యుల చేతుల్లోనే ఉన్నాయి. ఆయన్ని పీకుతున్నది వేరే అనుమానం. మొన్న పైలటంది, ఇవాళ ట్యాంకరంటోంది. ఆ కుర్రాడు పిల్లకి అబద్ధం చెప్పి, ఇప్పుడు మెల్లమెల్లగా నిజం దించుతున్నాడేమో! ఇవాళ ట్యాంకరు, రేపు సైకిలు!

ముందు పరువు సంగతి చూడాలనుకుని మాస్టారు రోడ్డు దాటి మేనేజరు గారి గేటు తట్టారు. ఆయన అప్పటికే కోటు వేసుకుని తయారుగా ఉన్నారు.

"అబ్బాయికి జ్వరమండీ. ఇవాళ రావట్లేదు" అన్నారు మాస్టారు.

"అయ్యో! ఎంతుంది?"

"చాలా ఉంది."

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే వీధి మొదట్లోంచి ఒక పొడుగాటి కుర్రాడు చేతిలో పళ్ళ సంచితో నిటారుగా నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ గేటు ముందే ఆగాడు. "సార్, డ్రైవింగ్ మాస్టారి ఇల్లు ఎక్కడండీ?"

"జ్వరం తగ్గిందా బాబూ?" అన్నారు మేనేజరు గారు ఆప్యాయంగా.

"ఏ జ్వరం సార్?"

"జ్వరంలో సంధి మాటలండీ. మాట్లాడించకూడదన్నారు డాక్టరు" అంటూ మాస్టారు కుర్రాడి రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి తలుపేశారు. మేనేజరు గారు వరండాలో కుర్చీ వేసుకుని, బైనాక్యులర్స్‌ని మాస్టారి కిటికీ మీదికి తిప్పారు.

కుర్రాడికి నీళ్ళిచ్చి, కర్టెన్ వేసి, మాస్టారు గొంతు తగ్గించి మొదలుపెట్టారు.

"బాబూ, నువ్వు నడిపేది ట్యాంకరేనా?"

"అవునండీ" అన్నాడతను సంతోషంగా. పొద్దున నాన్నకి అంతా చెప్పేశానని అమ్మాయి అతనికి చెప్పింది. ఆమె దృష్టిలో ఆమె చెప్పేసింది మరి. "ట్రైనర్ మీద నేర్చుకున్నాక కొన్నాళ్ళు ట్రాన్స్‌పోర్ట్ మీద ఉన్నానండీ."

"అందులో ఏం వేసేవారు?"

"సామాను, జీపులు, మనుషులు. ఏదొస్తే అది."

సామాను బండిలో మనుషులు! మాస్టారు పెదవి కొరుక్కున్నారు. "మరి ఆ మనుషులు ఎక్కడ దిగుతారు?"

"దిగడమేంటండీ, వెనక తలుపు తీస్తే వరసగా దూకేస్తారు."

"బండి ఆపకుండానా!"

"ఆపితే ఎలాగండీ, పడిపోతాం."

మాస్టారు చెమట తుడుచుకున్నారు. "సరే, ఆ సంగతి పోనియ్. ట్యాంకరులో పని ఎలా ఉంటుంది?"

"వెనకాల ఒకళ్ళో ఇద్దరో వస్తారండీ. మేం పైపు వదుల్తాం. వాళ్ళే దగ్గరకొచ్చి తగిలించుకుంటారు."

"ఎక్కడ ఆగి?"

"ఆగం సార్. వెళ్తూ వెళ్తూనే."

"రెండింటి మధ్యా ఎంత దూరం ఉంటుంది?"

"పైపు ఎంత పొడుగుంటే అంత."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న భార్య చేతిలోని గరిట ఠంగుమని కింద పడింది.

"చీకట్లో కూడానా?" అన్నారు మాస్టారు, నీరసంగా.

"చీకట్లో అయితే లైట్లు బాగా తగ్గించేస్తాం. మన వాళ్ళకే కాదండీ, మిత్రులెవరైనా వచ్చి అడిగితే వాళ్ళకీ పోస్తాం."

ఇక మాస్టారికి అనుమానం లేదు. రాత్రిపూట లైట్లార్పి, నడుస్తున్న బండిలోంచి సర్కారు ఆయిలు స్నేహితులకి పోసే ఘనుడు తన ఇంట్లో కూర్చుని చల్లగా మంచినీళ్ళు తాగుతున్నాడు. దొంగ సంగతి ఎలా తేల్చాలో ఆయనకి తెలియదు. డ్రైవరు సంగతి తేల్చడం మాత్రం వెన్నతో పెట్టిన విద్య. మనిషి ఎలాంటివాడో స్టీరింగు ముందు కూర్చోబెడితే దాగదని ఆయన సిద్ధాంతం.

"పద బాబూ, మా కారులో ఒక రౌండు వేసొద్దాం. నువ్వే నడుపు."

కుర్రాడి మొహం పాలిపోయింది. "అమ్మాయిగారు వచ్చాక వెళ్దామా సార్?"

"ఇప్పుడే" అన్నారు మాస్టారు, అల్లుడితో వీధిలో నడవడం కోసమే కొనుక్కున్న కొత్త బూట్లు తొడుక్కుంటూ.

కారులో కుర్రాడు మొదట చేసిన పని చూసి మాస్టారికి మతిపోయినంత పనయింది. సీటు సర్దుకున్నాడు. అద్దాలు మూడూ చూశాడు. డాష్‌బోర్డు మీద ఉన్న ప్రతి ముల్లునీ వేలితో తాకి, పేరు పైకి చదివి, "ఓకే" అన్నాడు. ఇన్నేళ్ళ పాఠాల్లో ఇంత శ్రద్ధగల శిష్యుణ్ణి ఆయన చూడలేదు. ఆ ఆనందంలో, నేర్పేవాళ్ళ కోసం తన వైపున్న క్లచ్ తనే తొక్కి, గేరు వేసి, వదిలారు. కారు కదిలింది.

ఎడమ పక్కన ఒక కుక్క పడుకుని ఉంది. దాన్ని తప్పించాలంటే కుడికి తిరగాలి. విమానం నేల మీద ఉన్నప్పుడు దాన్ని కాళ్ళతో తిప్పుతారు. కుడికి వెళ్ళాలంటే కుడికాలు నొక్కాలి. అలవాటైన ఆ కాలు తన ధర్మం తను నిర్వర్తించింది. కారులో ఆ కాలి కింద ఉన్నది యాక్సిలరేటరు.

కారు గర్జించింది. చేతులు కూడా స్టీరింగుని కుడికే తిప్పాయి. ఎదురుగా మేనేజరు గారి గేటు పెద్దదవుతూ వచ్చింది. కుర్రాడు ఇంకాస్త గట్టిగా కుడికాలు నొక్కి, స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని గుండెల మీదికి లాగాడు.

"అదెందుకు లాగుతున్నావురా నాయనా!" అని మాస్టారు కేక పెట్టారు.

"పైకి లేవడం లేదు సార్!"

మాస్టారు తన వైపు బ్రేకు తొక్కారు. కొత్త బూటు అడుగు నున్నగా ఉండి సర్రుమని జారింది. రెండోసారి తొక్కేలోగా గేటు పడింది, పూలకుండీలు పడ్డాయి, కొళాయి గొట్టం విరిగి నీళ్ళు ఆకాశానికి ఎగిశాయి. మూడోసారికి బ్రేకు పడి, కారు వరండా మెట్ల ముందు ఆగింది. మెట్ల పైన మేనేజరు గారు బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకునే ఉన్నారు. ఇంత దగ్గర నుంచి చూడ్డం వల్ల ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కుక్క అయితే లేవను కూడా లేదు. వీధి మాత్రం మొత్తం లేచి వచ్చింది. మాస్టారు తడిసి ముద్దై కారు దిగి, మేనేజరు గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"క్షమించండి. జ్వరమూ లేదు, ఫైటరూ కాదు. అన్నీ నేనాడిన అబద్ధాలే. ఇతను ట్యాంకరు నడుపుతాడు. అదీ రాదని ఇప్పుడే తేలింది."

మేనేజరు గారు బైనాక్యులర్స్ దించారు. కుర్రాడి వైపు తిరిగి, కోటు మీది నీళ్ళు దులుపుకుని అడిగారు. "ట్యాంకరా! గాల్లో ఫైటర్లకి ఇంధనం పోస్తారే, ఆ ట్యాంకరా?"

"అవును సార్."

"గాల్లోనా?" అన్నారు మాస్టారు.

"గాల్లోనే సార్. ఇంకెక్కడ?"

మాస్టారు పిట్టగోడ మీద కూలబడ్డారు. "అయితే వెనక తలుపులోంచి దూకేసిన మనుషులు?"

"పారాచూట్లుంటాయి సార్."

"అడిగినవాళ్ళకల్లా పోసే ఆ మిత్రులు?"

"మిత్ర దేశాల విమానాలండీ."

"ఆపితే పడిపోతాం అన్నావే?"

"విమానం కదండీ."

ఒక్కొక్క జవాబుకీ మాస్టారి గుండె మీంచి ఒక్కొక్క రాయి దిగుతూ వచ్చింది. చివరి రాయి దిగాక ఆయనకి నవ్వొచ్చింది. మొదలైన నవ్వు ఆగలేదు. రోడ్డవతల నిలబడిన భార్య మాత్రం, "మళ్ళీ ఆకాశంలోకి పంపించారూ!" అని నుదురు కొట్టుకుంది.

సరిగ్గా అప్పుడే టాక్సీలోంచి కూతురు దిగింది. వరండా ముందు కారునీ, ఫౌంటెన్‌నీ, ముగ్గురు తడిసిన మగవాళ్ళనీ చూసింది.

"ఎవరు నడిపారు?"

"ఎయిర్‌ఫోర్స్ వారు" అన్నారు మేనేజరు గారు గౌరవంగా.

"నేనొచ్చేదాకా కారు మాట ఎత్తొద్దన్నానా!" అని ఆమె కుర్రాడి మీద విరుచుకుపడింది. "డ్రైవింగ్ రాదని తెలిస్తే మా నాన్న మనిషిగానే లెక్కపెట్టరని చెప్పానా!"

"నేను ఎత్తలేదు. ఆయనే ఎక్కించారు" అన్నాడతను.

భోజనాలు అందరూ కలిసే చేశారు, మేనేజరు గారితో సహా. గేటు బాగు చేయిస్తానని మాస్టారు ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు. విమానాలు నడిపే చేతులు కూల్చిన గేటని చుట్టాలకి చూపించుకుంటానన్నారు. కాసేపయ్యాక ఆయనే అడిగారు, "ఎప్పుడైనా భయం వేసిందా బాబూ?"

కుర్రాడు మాస్టారి కూతురి వైపు చూశాడు. ఆమె చెప్పమన్నట్టు తలూపింది.

"ఒకసారి సముద్రం మీద వాన పట్టుకుందండీ. బేస్‌లో దిగడానికి వీల్లేదని తనే చెప్పింది. ఒక ఫైటర్‌లో ఇంధనం దాదాపు అయిపోయింది. మేం పైపు వదిలాం. గాలికి అది ఊగిపోతోంది. ఆ ఫైటర్ పైలట్ వచ్చాడు, తప్పింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ తప్పింది. చాలాసేపటికి తగులుకుంది. తర్వాత కిందికి దిగాక అతను వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడంతే."

"అంతసేపూ నువ్వేం చేశావు?" అన్నారు మాస్టారు.

"ఏమీ చెయ్యలేదండీ. ఇటూ అటూ పోకుండా తిన్నగా పట్టుకుని కూర్చున్నాను. మా పని అంతే."

తిన్నగా పట్టుకోవడం ఎంత కష్టమో ఆ కుర్రాడి తర్వాత ఆ గదిలో మాస్టారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "ఇంకొంచెం కూర వెయ్యవే అబ్బాయికి" అన్నారు భార్యతో. ఆ గొంతు విని, తన పెళ్ళి ఖాయమైనట్టేనని కూతురు గ్రహించింది.

సాయంత్రం వాళ్ళిద్దర్నీ బస్సెక్కించి వస్తూ మాస్టారు వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఒంటరిగానే నడిచారు. ఈసారి ఎవరడిగినా ఒక్క మాట కూడా కలపలేదు, తగ్గించలేదు. మందుల షాపు ముందు నిలబడిన ఆవిడ పలకరించి, "మీ అల్లుడు ఫైటరటగా?" అని అడిగింది.

"కాదమ్మా. ట్యాంకరు" అన్నారు మాస్టారు, తలెత్తి.

ఆవిడ ఆయన దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "అయితే కాస్త మా వెనక వీధికి కూడా ఒకటి పంపించమనండీ, వారం నుంచి కొళాయిలో నీళ్ళు రావట్లేదు."