జమ్మికి పోతే దొరికిన విమానం

మనిషి గాలిలో ఎగరడం నేర్చి నూరేళ్లు దాటింది గానీ, బాకీలేవీ లేవనే 'నో డ్యూస్' కాగితం లేకుండా విశ్వవిద్యాలయం గేటు దాటడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

తార్నాక పక్కనున్న ఒక విశ్వవిద్యాలయంలో దేవేందర్ తొమ్మిదేళ్లు చరిత్ర తవ్వి, ఎట్టకేలకు డాక్టరేట్ పుచ్చుకున్నాడు. వరంగల్ కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. సోమవారం సాయంత్రంలోగా నో డ్యూస్ పట్టుకెళ్లి చేరకపోతే అది వెయిటింగ్ లిస్టులో తర్వాతివాడికి పోతుంది. (ఆ తర్వాతివాడు ఇప్పటికే వరంగల్‌లో గది చూసుకున్నాడని వినికిడి.)

గురువారం దసరా. దేవేందర్ బైకు కడిగి, బొట్లు పెట్టి, చౌరస్తాలో కొన్న బంతిపూల దండల్లో ఒకటి వేశాడు. జమ్మి ఆకు కోసం క్యాంపస్ వర్క్‌షాపు వెనక పొదల్లోకి వెళితే, తీగల కింద పాత యుద్ధవిమానం కనిపించింది. రెక్కలు, ముక్కు, మూడు చక్రాలు, అన్నీ ఉన్నాయి. (ఇంజను లేదు. అది ఎవరి అనుమతీ అడగకుండా ఎప్పుడో వెళ్లిపోయింది.) ఎవరు తెచ్చారో, ఎందుకు వదిలేశారో చరిత్ర శాఖకే తెలియదు. పండగపూట ఇంత బండికి ఒక్క బొట్టయినా లేదే అని దేవేందర్ మనసు చివుక్కుమంది. సంచిలో మిగిలిన దండ ముక్కుకు వేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, దండం పెట్టుకున్నాడు.

వెనకనుంచి ఈల వినపడింది. సెక్యూరిటీ సూపర్‌వైజర్ యోహాను.

"బండి నీదేనా తమ్మీ?"

"నాదేంది అన్నా? గిప్పుడే చూసిన."

"మరి పక్కోని బండికి ఎవడన్న నిమ్మకాయ పెడ్తడా?"

తొమ్మిదేళ్ల పరిశోధనలో ఈ ప్రశ్న ఎక్కడా ఎదురుకాలేదు. యోహాను ఫొటో తీసి పైకి పంపాడు.

మర్నాడు వాహన క్రమశిక్షణ విభాగంలో పద్మావతి మేడమ్ ఎంతో మర్యాదగా నియమావళి తెరిచారు. దసరాకు పూజ చేసినవాడే వాహన యజమాని అని అందులో స్పష్టంగా ఉంది.

"చూడండి దేవేందర్ గారూ, మీదే అయితే క్యాంపస్ బయటికి తీసుకెళ్లిపోవాలి. అప్పుడే నో డ్యూస్. మీది కాదంటే, పరాయి వాహనాన్ని అలంకరించినందుకు విచారణ."

"విచారణ ఎన్ని దినాలు పడ్తది మేడమ్?"

"ఇదివరకు ఒకాయన పక్కసీటాయన స్కూటర్ తుడిచారండి. విచారణలో ఉండగానే రిటైరయ్యారు."

విమానం తనదేనని దేవేందర్ ఒప్పుకున్నాడు. ఆ ఆఫీసు అతని మాట వెంటనే నమ్మడం అదే మొదటిసారి.

శనివారం లాలాగూడ నుంచి పాత ఇనుము కొనే చంద్రయ్యను లారీతో సహా పిలిపించాడు. తీరా చూస్తే రెక్కలు గేటు కంటే వెడల్పు. రెక్కలు విప్పుదామంటే, వాహనం రూపం మార్చడం నేరమని యోహాను అడ్డుపడ్డాడు.

చంద్రయ్య తల గోక్కున్నాడు. "లోపటికి ఎట్లొచ్చిందో గట్లనే బయటికి పోవాలె సారూ. నీకు నడపొస్తదా?"

దేవేందర్ పరుగున మేడమ్ దగ్గరికి వెళ్లాడు. "సోమవారం దాటితే నా నౌకరీ పోతది మేడమ్. ఇంట్ల అమ్మ ఊరంత చెప్పుకున్నది." నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడమ్ కరిగిపోయారు.

"అయ్యో, ఊరుకోండి. పైవాళ్లతో నేను మాట్లాడతాను. సోమవారం పొద్దున్నే వచ్చేయండి."

సోమవారం పొద్దున్నే వెళితే ఆఫీసుకు తాళం వేసి ఉంది. దేవేందర్ సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చున్నాడు. అయిదు దాటాక వరంగల్ నుంచి ఫోన్ వచ్చింది. తర్వాతివాడు చేరిపోయాడు.

మంగళవారం మేడమ్ నవ్వుతూ నో డ్యూస్ చేతిలో పెట్టారు. విమానాన్ని విశ్వవిద్యాలయ వారసత్వ సంపదగా ప్రకటించారట. అది ఎవరిదీ కాదట. శనివారం రాత్రే సంతకాలు కూడా అయిపోయాయట.

"మరి నిన్న ఆఫీసు ఎందుకు బందున్నది మేడమ్?"

"నిన్న సెలవు కదండీ. విమానం దొరికిన సందర్భంగా ఇచ్చారు."