వస్తూ తెచ్చినదా, ఇక్కడ వచ్చినదా?

గురువారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి బయటపడి, క్షవరం చేయించుకుని, సాయంత్రం కూతురి నిశ్చితార్థంలో కూర్చోవాలని షెద్లీ వేసుకున్న లెక్క. ట్యునీషియాలోని స్ఫాక్స్ బజారులో ఆలివ్ నూనె అమ్మేవాడి లెక్క మామూలుగా తప్పదు. నూనె డబ్బాలు ఎత్తి ఎత్తి తెచ్చుకున్న హెర్నియాకు ఆపరేషన్ బాగానే జరిగింది. తండ్రి లేకుండా నిశ్చితార్థపు ప్రార్థన ఫాతిహా చదివితే పెళ్లివారు అపశకునమంటారని కూడా లెక్కలో కలుపుకున్నాడు.

కలుపుకోనిది మర్యాద ఒక్కటే.

ముందురోజు మేనమామ హమ్మాదీ చూడవచ్చాడు. లిఫ్టు చెడిపోవడంతో మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. పెద్దవాడు నిలబడితే తాను పడుకోవడం షెద్లీ వల్ల కాదు. మామను మంచమెక్కించి, తాను వరండాలో కూర్చున్నాడు. చేతికి కట్టిన పేరుపట్టీ దురదపెడుతోందని అప్పటికే విప్పి మంచం కడ్డీకి తగిలించాడు. కొత్త నర్సు రీమ్ వచ్చి పట్టీ చూసింది, మంచం మీది మనిషికి బీపీ చూసింది. వయసు కాస్త ఎక్కువ కనిపించినా, ఆపరేషన్ అయ్యాక ఎవరైనా వాడిపోతారులే అని సరిపెట్టుకుంది.

తర్వాత బావమరిది మున్జీ మిఠాయి పొట్లంతో వచ్చాడు. సగం దారిలోనే తినేశాడు. అతనికీ మంచమే దక్కింది. రీమ్ షుగర్ చూస్తానంటే, ఊరికే చూస్తున్నారు కదా అని వేలు చాపాడు.

రెండు అంకెలూ షెద్లీ పేరున కంప్యూటర్‌కెక్కాయి. రెండూ మరీ ఎక్కువని కంగారుగా వచ్చిన డాక్టరు, మంచం మీదికి తిరిగొచ్చిన షెద్లీని మళ్లీ చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. “వచ్చిపోయే బీపీ, షుగర్” అని రాసి వెళ్లాడు.

గురువారం ఉదయం రికార్డుల ఉద్యోగిని నజాత్ పైకి వచ్చింది. ఆసుపత్రిలో బయటపడ్డ ప్రతి సమస్యకూ, రోగి వస్తూ తెచ్చినదా, ఇక్కడ వచ్చినదా అన్నది నింపితేనే డిశ్చార్జి కాగితం వస్తుంది.

“వస్తూనే తెచ్చుంటాడు. మా వార్డులో షుగరెలా వస్తుంది?” అంది పెద్ద నర్సు.

“చేరిన రోజు పరీక్షల్లో ఏమీ లేదు కదమ్మా. మీ దగ్గర వచ్చినట్టే.”

షెద్లీకి అది పుట్టినప్పటి నుంచి వింటున్న తగాదాలాగే తోచింది. సరుకు ఓడలో చెడిందా, గోదాములో చెడిందా? ఇలాంటివి తెంచడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

“గొడవెందుకమ్మా? రెండూ నేను తెచ్చినవే. నా ఖాతాలో రాసి పంపెయ్యండి.”

అంత నష్టపు బేరం అతను ఎన్నడూ చెయ్యలేదు. ఉన్న జబ్బులు దాచి ఆపరేషన్ చేయించుకున్నాడని డాక్టరు మండిపడి, డిశ్చార్జి ఆపేసి, గుండె డాక్టరు దగ్గరికి తోయించాడు. అక్కడ వరసలో మధ్యాహ్నం దాటిపోయింది. మంగలి ఫోన్ చేశాడు. భార్య చేసింది. పెళ్లివారు బయల్దేరారట.

గుండె డాక్టరు అన్నీ చూసి, “ఈ గుండెకు ఏ లోటూ లేదు. మరి ఆ కొలత ఎవరిది?” అన్నాడు.

షెద్లీకి అప్పుడు మామ ఆయాసం గుర్తొచ్చింది. చెబితే మామను ఇక్కడే పట్టి ఉంచుతారు. సాయంత్రం ఫాతిహా చదవాల్సిన పెద్ద ఆయనే. చెప్పకపోతే ఆయన ఇంకెన్ని మెట్లెక్కగలడో తెలియదు. ఈ లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

“మా మామది. మంచం ఆయనకిచ్చాను.”

“పేషెంటు మంచం ఇచ్చేశారా?” అంది ఫైలు పట్టుకుని వెంట వచ్చిన నజాత్.

“నిలబడి ఉన్నాడమ్మా.”

నజాత్ తండ్రి కూడా అలాంటివాడే.

హమ్మాదీని ఇంటి నుంచి పిలిపించి చూస్తే బీపీ నిజంగానే నెత్తికెక్కి ఉంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. అదే మంచం మీద చేర్చుకున్నారు. ఆయన ఫాతిహా ఫోనులో చదివాడు. డిశ్చార్జై ఇంటికి చేరిన పెళ్లికూతురి తండ్రి గడ్డం మాసిన మొహంతోనే కన్నీళ్లు పెట్టుకున్నాడు. రెండో అంకె తనదేనని తేలి మున్జీకి షుగర్ మందులు మొదలయ్యాయి. చూడవచ్చినవాళ్లు తెచ్చినది అనే గడి కంప్యూటర్‌లో లేదు కాబట్టి, నజాత్ ఆ రెండు అంకెలూ కొట్టేసింది.

మర్నాడు షెద్లీ నిశ్చితార్థం మిఠాయి పట్టుకుని మామను చూడవచ్చాడు. హమ్మాదీ గబుక్కున లేచి పక్క సర్దాడు.

“కుట్లు ఆరని మనిషివి, నిలబడ్డావేంరా? ఇలా పడుకో.”

గుమ్మంలో రీమ్ బీపీ మిషనుతో నిలబడి ఉంది. పెద్దల మాట కాదనడం షెద్లీకి అదే మొదలు.